చేతివ్రాత నుండి అచ్చు అక్షరానికి

తెలుగులో ‘అచ్చు’ అన్న మాటకు అర్థాలు చాలా ఉన్నవి. వ్యాకరణం చదివేవారికి అచ్చు అంటే ‘అ’ మొదలు ‘ఔ’ వరకు గల స్వరం. ముద్రణాలయంలో పనిచేసేవారికి అచ్చు అంటే కాగితం మీద పడిన అక్షరం. కంసాలికి అచ్చు అంటే లోహం పోసే మూస. ఈ మూడు అర్థాలూ ఒక్కచోట కలిసే వృత్తి ఒకటున్నది. అక్షరానికి రూపం కల్పించి, ఆ రూపం లక్షసార్లు అచ్చువేసినా ఒకే విధంగా పడేటట్లు మూస కట్టడమే ఆ వృత్తి. ఇంగ్లీషువారు దానిని టైప్ డిజైన్ అంటారు. తెలుగులో దానికింకా స్థిరమైన పేరు కుదరలేదు. ఈ వ్యాసంలో ‘అక్షర రూపకల్పన’ అని వ్యవహరిస్తాను.

డిగ్రీ విద్యార్థులు ఏటా అధ్యాపకులను అడిగే ప్రశ్న ఒకటున్నది: “తెలుగు చదివితే పంతులు ఉద్యోగం తప్ప ఇంకేమున్నదండీ?” ఉర్దూ చదివే విద్యార్థులూ తమ అధ్యాపకులను ఇదే అడుగుతారని విన్నాను. ఆ ప్రశ్నకు నాకు తోచిన సమాధానాలలో ఇది ఒకటి. మన లిపికి అచ్చులో రూపం ఇచ్చినవారి చరిత్రలు పరిశీలిస్తే ఒక విచిత్రం కనబడుతుంది. వారిలో ఈ పని చేద్దామని బయలుదేరినవారు చాలా అరుదు. ఒకరు మతప్రచారకుడు, ఒకరు కమ్మరి, ఒకరు న్యాయశాస్త్ర పట్టభద్రుడు, ఒకరు వ్యాపార ప్రకటనలు తయారుచేసే సంస్థలో చిత్రకారుడు, ఒకరు సంస్కృత విద్యార్థిని. వీరిలో న్యాయశాస్త్రం చదివినవాడు మన గోదావరి ఒడ్డువాడే. ఆయన గురించి కొంత విస్తరించి చెప్పాలని ఉన్నది. అంతకు ముందు అచ్చు అక్షరం ఎట్లా పుట్టేదో తెలియాలి.

సీసపు అక్షరం తయారీలో మూడు మెట్లున్నవి. మొదట ఉక్కు కడ్డీ కొనమీద అక్షరాన్ని తిరగవేసి, అద్దంలో కనబడినట్లు చెక్కుతారు. ఆ ఉక్కుకు పదును పెట్టి రాగి దిమ్మె మీద కొడితే గుంట పడుతుంది, అదే మూస. ఆ మూసలో సీసం, ఆంటిమొని, తగరం కలిపి కరిగించి పోస్తే అక్షరం వస్తుంది. ఒక్క అక్షరానికి ఇంత శ్రమ. పైగా చెక్కేవానికి ఆ భాష రాకపోవచ్చు, భాష వచ్చినవానికి చెక్కడం రాదు. అచ్చు అక్షరం అందమూ అవకరమూ ఈ ఇద్దరి మధ్య ఎంత పొత్తు కుదిరినదన్న దానిమీదనే ఆధారపడి ఉండేవి.

తెలుగు అక్షరం మొదట అచ్చయినది తెలుగు గడ్డమీద కాదు, జర్మనీ దేశంలో. బెంజమిన్ షుల్జ్ అనే జర్మను మతప్రచారకుడు 1726లో చెన్నపట్టణం చేరి తెలుగు నేర్చినాడు. 1743లో స్వదేశానికి మరలిపోయి, 1746–47 ప్రాంతంలో హాలే నగరంలో తెలుగు పుస్తకాలు ముద్రింపించినాడు. బెంగాలులోని శ్రీరామపురంలో ముద్రణ సాగించిన విలియం కేరీ మొదట చెప్పులు కుట్టే వృత్తి చేసినవాడు. ఆయనకు కుడిభుజంగా నిలిచిన పంచానన్ కర్మకార్ కమ్మరి కుటుంబంవాడు. 1778లో హుగ్లీలో ముద్రితమైన హాల్హెడ్ బెంగాలీ వ్యాకరణం కోసం చార్లెస్ విల్కిన్స్‌తో కలిసి అక్షరాలు చెక్కినది ఈ పంచాననుడే. విల్కిన్స్ అయినా అక్షరశిల్పి కాడు, కంపెనీ కొలువులో ఉద్యోగి. 1812 మార్చిలో శ్రీరామపురం ముద్రణాలయం అగ్నికి ఆహుతి అయినప్పుడు కాలిపోయిన వ్రాతప్రతులలో కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణం కూడా ఉన్నది. పట్టువదలక మళ్ళీ వ్రాసి 1814లో అచ్చువేసినాడు. మరి రెండేండ్లకు, 1816లో, చెన్నపట్టణపు కళాశాల ముద్రణాలయం నుండి క్యాంబెల్ దొర తెలుగు వ్యాకరణం వెలువడినది.

మన రాజమహేంద్రవరానికి ముద్రణ ఆలస్యంగానే వచ్చినది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ‘వివేకవర్ధని’ని ప్రారంభించినప్పుడు దానిని చెన్నపట్టణంలో అచ్చువేయించవలసి వచ్చినది. ఇరవయ్యవ శతాబ్దంలో మాత్రం ఆ లోటు తీరినది. కొండపల్లి వీరవెంకయ్య అండ్ సన్స్, అద్దేపల్లి అండ్ కో, సరస్వతీ పవర్ ప్రెస్ వంటి పేర్లు రాజమండ్రి చిరునామాతో ఆంధ్రదేశంలోని ఇంటింటికీ చేరినవి. ఆ పుస్తకాల వెనుక పేరు లేని కంపోజిటర్లు ఉన్నారు. మన వ్యాసకర్తలు వారిని తలచుకోవడం తక్కువ. నా దృష్టిలో తెలుగు లిపి నిర్మాణం మనవంటి పండితులకంటె వారికే బాగా తెలుసు.

అది ఎట్లాగంటే, తెలుగు గుణింతం లెక్క ఒకసారి చూడండి. 35 హల్లులకు గుణింతపు రూపాలు 12 చొప్పున వేసుకున్నా 420 అవుతవి. ఒక్కొక్కదానికి 35 వత్తులు చేర్చవచ్చుననుకుంటే 14,700. ఇవన్నీ భాషలో లేవు, నిజమే. అయినా ఇంగ్లీషు కంపోజిటరు చిన్నబడి అక్షరాలు 26, పెద్దబడి అక్షరాలు 26, అంకెలు, విరామచిహ్నాలతో పని గడుపుకోగలడు. తెలుగు కంపోజిటరు వందల గళ్ళ నడుమ నిలబడి, ఏ ముక్క ఏ గడిలో ఉన్నదో చూడకుండానే చెయ్యి చాచాలి. అక్షరాన్నీ, వత్తునూ, గుడినీ వేర్వేరు ముక్కలుగా ఏరి, కంపోజింగ్ స్టిక్కులో తిరగబడిన క్రమంలో కూర్చాలి. పెళ్ళిళ్ళ ఋతువులో ‘శ్రీ’లూ, ‘చి.ల.సౌ.’కు కావలసిన ముక్కలూ కరువై, ఒక శుభలేఖ అచ్చు ముగిసి అక్షరాలు గళ్ళలోకి తిరిగి వచ్చేదాకా రెండవ శుభలేఖ ఆగేదని పాత ముద్రాపకులు చెబుతారు. సీసంలో అక్షరం మార్చడం ఇంత వ్యయప్రయాసలతో కూడినది కాబట్టి, ఒకసారి కుదిరిన రూపమే తరాల తరబడి సాగినది. కొత్త వంపు, కొత్త విసురు తెద్దామనుకున్నవానికి ఆ దారి మూసుకొనిపోయినట్లే ఉండేది.

ఆ దారి తెరిచినవాడు అక్షరశిల్పి కాడు, వ్యంగ్య చిత్రకారుడు.

సత్తిరాజు లక్ష్మీనారాయణగారు 1933 డిసెంబరు 15న నరసాపురంలో జన్మించినారు. లోకం ఆయనను బాపు అనే పిలుస్తుంది. చదువు మద్రాసులో సాగినది. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణగారితో స్నేహం అక్కడే కుదిరినది. 1955లో మద్రాసు విశ్వవిద్యాలయం నుండి న్యాయశాస్త్ర పట్టం పుచ్చుకున్నారు. పట్టం పుచ్చుకున్న ఆ ఏడాదే నల్లకోటుకు బదులు కుంచె చేతబట్టి ‘ఆంధ్రపత్రిక’లో వ్యంగ్య చిత్రకారుడుగా చేరినారు. తరువాత వ్యాపార ప్రకటనల సంస్థలలో పనిచేసినారు. 1967లో ‘సాక్షి’తో చలనచిత్ర దర్శకుడైనారు. ఆ చిత్రం తీసిన పులిదిండి మన గోదావరి పల్లెటూరే. ‘అందాల రాముడు’ (1973) గోదావరి మీద పడవ ప్రయాణమే కదా! 2013లో పద్మశ్రీ వచ్చినది. 2014 ఆగస్టు 31న చెన్నైలో పరమపదించినారు. ఈ జీవితరేఖలో అక్షర రూపకల్పన అన్న మాట ఎక్కడా లేదు. అయినా గడచిన అరవై డెబ్బది ఏండ్లలో తెలుగువారి కంటికి అత్యంత పరిచయమైన అక్షరం ఎవరిదని అడిగితే, బాపుదేనని పసిపిల్లలు కూడా చెబుతారు.

ఇది ఎట్లా సాధ్యమయినది? దీనికి ముద్రణా సాంకేతికతలోనే సమాధానమున్నది. ఆనాటి పత్రికలలో వ్యాసం సీసపు అక్షరాలతో కూర్చబడేది. బొమ్మ మాత్రం జింకు బ్లాకుగా తయారయ్యేది. చిత్రకారుడు గీసినదానిని ఛాయాచిత్రం తీసి, జింకు రేకు మీదకు ఎక్కించి, గీత లేని చోటును ఆమ్లంతో తినిపించేవారు. బొమ్మలో ఏ గీత ఉంటే ఆ గీత అచ్చులో పడేది. ఇక్కడే కిటుకున్నది. బొమ్మ క్రింద మాటలు కూడా చిత్రకారుడే తన చేతితో వ్రాస్తే, ఆ అక్షరాలూ బొమ్మతోపాటే బ్లాకు ఎక్కుతవి. ఉక్కు చెక్కనక్కరలేదు, రాగి కొట్టనక్కరలేదు, ఫౌండ్రీ యజమాని దయ అక్కరలేదు. సీసపు గళ్ళలో చోటు దొరకని చేతివ్రాత బొమ్మ అనే దొడ్డిదారిన అచ్చులోకి ప్రవేశించినది. ఆ దారిన వచ్చినవారు బాపుగారికి ముందూ ఉన్నారు, తరువాతా ఉన్నారు. కాని ఆ దారిలో ఒక శైలిని నిలబెట్టి, దానికి లక్షలాది పాఠకులను అలవాటు చేసినవారు ఆయనే. వ్యంగ్య చిత్రాల క్రింది మాటలు, కథల శీర్షికలు, పుస్తకాల అట్టలు, చలనచిత్రాల పేర్లు, శుభలేఖలు – అన్నిటా ఆ వ్రాతే.

ఆ వ్రాత లక్షణమేమిటి? పలక మీద బలపంతో దిద్దించే గుండ్రని తెలుగు కాదది. గీత ఒకచోట లావై ఇంకొకచోట సన్నబడుతుంది. అంటే కుంచె నడిచిన జాడ అందులో కనబడుతుంది. తలకట్టు ఒక చిన్న విసురు. అక్షరాలన్నీ ఒకే ఎత్తున వరుసలో నిలబడవు. పక్కవానితో మాట్లాడుతున్నట్లు కొంచెం ఒరుగుతవి. ఆయన బొమ్మలోని మనిషికీ ఆ మనిషి మాటకూ ఒకే గీత కాబట్టి ఆ రెండూ ఒకదానికొకటి అతుకుతవి.

కంప్యూటరు వచ్చిన తరువాత ఈ చేతివ్రాత ఆధారంగా ఫాంటు తయారయినది. ఫాంటు అంటే కంప్యూటరులో ఇమిడిన అక్షరాల సంచయం. సీసపు గళ్ళకు వారసురాలు. దానితో బాపు అక్షరం బాపు చేయి లేకుండానే వ్రాయగల స్థితి వచ్చినది. ఈనాడు కాకినాడ నుండి కర్నూలు దాకా దుకాణాల పలకల మీద, ఫ్లెక్సీల మీద, పెళ్ళిపత్రికల మీద కనబడేది అదే. ఇది ఆయన కీర్తికి నిదర్శనమే గాని, నాకు కొంత ఇబ్బంది కూడా కలుగుతుంది. ఆ అక్షరం రెండు మూడు పంక్తులకు పుట్టినది. దానితో నలభై పుటలు కూర్చితే కన్ను అలసిపోతుంది. మిఠాయి ఎంత రుచియైనదైనా అన్నానికి బదులు కాదు.

చేతివ్రాతకూ అచ్చు అక్షరానికీ గల భేదం సరిగా ఇక్కడే ఉన్నది. చేతితో ‘ద’ పదిసార్లు వ్రాస్తే పదిరకాలుగా వస్తుంది. పక్కన ఏ అక్షరమున్నదో చూచి చెయ్యి తనంతట తానే సర్దుకుంటుంది. ఫాంటులోని ‘ద’ ఎల్లప్పుడూ ఒక్కటే. అది ఏ అక్షరం పక్కన కూర్చున్నా ఒదగాలి. దాని క్రింద ఏ వత్తు వచ్చినా ఇమడాలి. రూపకర్త అన్ని సంధి సందర్భాలనూ ముందే ఊహించాలి. ‘రాష్ట్రం’ అన్న మాటలో ‘ష’ క్రింద టకారపు వత్తు, దానితో రకారపు వత్తు. ‘లక్ష్మి’లో ‘క్ష’కు మకారపు వత్తు, పైన గుడి. ఇవన్నీ క్రింది పంక్తి తలకట్టును తాకకుండా నిలవాలి. అందుకే తెలుగు పుటలో పంక్తికీ పంక్తికీ నడుమ ఇంగ్లీషు పుటకంటె ఎక్కువ ఎడం విడువవలసి వస్తుంది. పత్రికలవారు కాగితం పొదుపు కోసం ఆ ఎడం తగ్గించినప్పుడల్లా రూపకర్త వత్తును కుదించాలి, లేదా అక్షరం పక్కకు జరపాలి.

ఇంకొక సూక్ష్మం. ‘క’కు కొమ్ము ఇస్తే ‘కు’. అదే పద్ధతిలో ‘వ’ పక్కన కొమ్ము పెడితే ‘వు’ రాదు, చూడడానికి ‘మ’ అయి కూర్చుంటుంది. అందువల్ల ‘పు’, ‘వు’ వంటివాటికి కొమ్మును అక్షరం క్రిందినుండి తీయాలి. ఒకటవ తరగతిలో ఇది మనచేత దిద్దించినారే గాని, కారణం ఎవరూ చెప్పలేదు. అట్లాగే ‘ద, ధ, థ’ల భేదమంతా ఒక చిన్న గీతలోనూ ఒక చుక్కలోనూ ఉన్నది. నాసిరకం పత్రికా కాగితం మీద సిరా వ్యాపించి ఆ చుక్క పూడిపోతే ‘కథ’ ఇంకేదో అవుతుంది. రూపకర్త ఆ చుక్క చుట్టూ ఎంత ఖాళీ విడవాలో తూచి పెడతాడు. నేను ఎం.ఏ.లో లిపి పరిణామం చదివినప్పుడు శాసనాల లిపి చెప్పినారు, తాళపత్రాల లిపి చెప్పినారు. అచ్చు లిపి దగ్గరికి వచ్చేసరికి పాఠం ముగిసినది. మన విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికలో ఈ లోటు తీర్చదగినది.

ఇతరుల దారులు కూడా కొంచెం చూద్దాము. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లలో తెలుగుకు ‘గౌతమి’ అనే ఫాంటు ఇచ్చినారు. గౌతమి మన గోదావరి పాయే. యానాం పక్కగా సాగి సముద్రంలో కలుస్తుంది. ఆ అక్షరాల రూపకల్పనకు సారథ్యం వహించినది మరాఠీ కవి, లేఖనకళావేత్త ఆర్. కె. జోషీగారు. ఆయన ప్రకటనల సంస్థలో చిత్రకళా విభాగం నడిపి, తరువాత బొంబాయి ఐ.ఐ.టి.లో అధ్యాపకులై, ఆ మీదట ఈ పనిలోకి వచ్చినారు, 2008లో మరణించినారు. ఇంగ్లాండులో మాథ్యూ కార్టర్ అనే కుర్రవాడు ఆక్స్‌ఫర్డులో ఆంగ్లసాహిత్యం చదవవలసి ఉండగా, చేరడానికి ముందు దొరికిన ఏడాదిని ఊరక పోనీయక 1955లో హాలండులోని ఒక ప్రాచీన ముద్రణాలయంలో ఉక్కు చెక్కడం నేర్చుకోబోయినాడు. తండ్రి ముద్రణ చరిత్రకారుడే అయినా, కొడుకు ఈ చేతిపనిలో స్థిరపడతాడని ఎవరూ అనుకోలేదు. ఆక్స్‌ఫర్డు అక్కడే ఆగిపోయినది. మనం కంప్యూటరు తెరమీద రోజూ చూచే జార్జియా, వెర్డానా ఆయన చేతివే.

సాహిత్య విద్యార్థులకు ఎక్కువ ఆసక్తి కలిగించే ఉదాహరణ ఫియోనా రాస్‌గారిది. ఆమె జర్మను భాష, సంస్కృతం చదివి, భారతీయ ప్రాచీన లిపిశాస్త్రంలో డాక్టరేటు పొందినారు. 1978లో లైనోటైప్ సంస్థలో చేరినారు. భాష వచ్చినవానికి చెక్కడం రాదని పైన వ్రాసినాను. ఆ అగాధాన్ని ఆమె భాషవైపు నుండి దాటినారు. 2015లో మూర్తి గ్రంథమాల తొలి సంపుటాలలో ఒకటిగా పెద్దన ‘మనుచరిత్ర’ ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా వెలువడినది. ఆ తెలుగు అక్షరాలు ఆమె, జాన్ హడ్సన్ కలిసి తీర్చినవి. ఆంధ్రకవితా పితామహుని పద్యానికి అక్షరం దిద్దడానికి కూడా మనవారు కాక ఇంకొకరు పూనుకోవలసి వచ్చినదే అని మొదట మనసుకు కొంత కష్టం తోచినది. పుస్తకం తెరిచి చూచిన తరువాత ఆ కష్టం తగ్గినదని ఒప్పుకోవాలి.

ఇక మన పత్రికకు కుడివైపున ఉన్న సగం సంగతి. ఉర్దూవారికి సీసపు అక్షరం ఎన్నడూ మనసుకు పట్టలేదు. నస్తాలీఖ్ వ్రాతలో మాట కుడినుండి ఎడమకు పోతూ మెట్లు దిగినట్లు క్రిందికి జారుతుంది; ఒక్కొక్క అక్షరం పొరుగువారినిబట్టి రూపం మారుస్తుంది. దానిని ముక్కలుగా పోతపోయడానికి హైదరాబాదులోనూ ప్రయత్నాలు జరిగినవి గాని, కాతిబు కలం ముందు నిలవలేదు. కాబట్టి పుస్తకమైనా దినపత్రిక అయినా కాతిబు చేతితో వ్రాయవలసినదే, లిథోలో అచ్చువేయవలసినదే. చెన్నైలో 1927లో స్థాపితమైన ‘ముసల్మాన్’ దినపత్రిక ఇరవై ఒకటవ శతాబ్దంలో కూడా చేతివ్రాతతో వెలువడినది. ఈ చిక్కును విప్పినవారు మీర్జా అహ్మద్ జమీల్. ఢిల్లీలో పుట్టి కరాచీలో స్థిరపడిన చిత్రకారుడాయన, ముద్రణ వ్యాపారి. అక్షరాన్ని ముక్కలు చేయడం మాని, కలిసిపోయిన అక్షర సముదాయాలనే సుమారు 20 వేలు స్వహస్తంతో వ్రాసి మోనోటైప్ యంత్రానికి అప్పగించినారు. తండ్రి పేరున దానికి ‘నూరీ నస్తాలీఖ్’ అని పేరు పెట్టినారు. 1981లో లాహోరు ‘జంగ్’ పత్రిక దానితో వెలువడినది. 1994లో ఢిల్లీలో తయారైన ఇన్‌పేజ్ ద్వారా ఆ అక్షరం మన దేశపు ఉర్దూ పత్రికలన్నిటికీ పాకినది.

బాపు ఫాంటుకూ దీనికీ ఒక పోలిక ఉన్నది. రెంటిలోనూ ఒక్కని చేయి వేలమంది చేతుల స్థానంలో కూర్చున్నది. దానివలన పుస్తకం చౌకయినది, పత్రిక వేగంగా వచ్చినది. అదే సమయంలో కితాబత్‌తో కుటుంబం పోషించుకున్నవారూ, రాజమండ్రి ముద్రణాలయాలలో సీసపు గళ్ళ ముందు యౌవనం గడిపినవారూ పని కోల్పోయినారు. కొందరు కంప్యూటరు నేర్చినారు, ఎక్కువమంది నేర్వలేకపోయినారు. వారి చేతిలో ఉన్న జ్ఞానాన్ని – ఏ అక్షరం పక్కన ఏది ఇరుకవుతుందో, ఏది ఒదుగుతుందో అన్న జ్ఞానాన్ని – అడిగి వ్రాసి పెట్టుకున్నవారు తక్కువ. మన విద్యార్థులలో కొందరి ఇళ్ళలో అట్టి తాతలు ఇంకా ఉండవచ్చును. సెలవులలో ఒక నోటుపుస్తకం పట్టుకొని వారి దగ్గర కూర్చుంటే అది పరిశోధనే అవుతుంది.

సీసం పోయి కంప్యూటరు వచ్చిన తొలి రోజులలో ఇంకొక గందరగోళం నడిచినది. ఫాంటు అమ్మిన ప్రతి సంస్థా ‘క’కు తనదైన సంకేతసంఖ్య పెట్టుకున్నది. ఒక ఫాంటులో కూర్చిన వ్యాసం ఇంకొక ఫాంటులో తెరిస్తే పిచ్చిగీతలే. 1991లో యూనికోడు వచ్చి ప్రపంచ లిపులన్నిటికీ ఒకే పట్టిక ఇచ్చినది. అందులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించబడినవి. అయితే యూనికోడు చెప్పేది ఇది ‘క’ అని మాత్రమే. ఆ ‘క’ ఎట్లా ఉండాలో చెప్పదు. రూపం మళ్ళీ మనిషే ఇవ్వాలి. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు ‘పోతన’, ‘వేమన’ అనే ఫాంటులు ఉచితంగా అందించినారు. ఆ తరువాత 2010ల ఆరంభంలో సిలికానాంధ్ర సంస్థ ద్వారా పురుషోత్ కుమార్ గుత్తుల, అప్పాజీ అంబరీష దర్భా రూపొందించిన ఫాంటులు వరుసగా వెలువడినవి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన, రామభద్రుడు, సూరన, రామరాజభూషణుడు, తెనాలి రామకృష్ణుడు – అష్టదిగ్గజాలు ఎనమండుగురూ ఫాంటులై కంప్యూటరు ఎక్కినారు; రాయలవారూ వెంట ఉన్నారు. గిడుగువారి పేరా, గురజాడవారి పేరా కూడా ఉన్నవి. ‘మండలి’ ఫాంటు 1975 ప్రథమ ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావుగారి పేర వచ్చినది. వార్తాపత్రికల పనికి అనువైనది. ఇవన్నీ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చును, మార్చుకోవచ్చును కూడా.

ఇన్ని ఉన్నా చాలవు. శీర్షికలకు పనికివచ్చే తెలుగు అక్షరాలు పెరిగినవి గాని, గంటలకొద్దీ చదివినా కన్ను అలవని పుస్తకపు అక్షరాలు వేళ్ళమీద లెక్కింపదగినవే. ఒకటవ తరగతి పిల్లల వాచకానికి ప్రత్యేకంగా తీర్చిన అక్షరం కావాలి; చూపు మందగించిన వృద్ధులకు వేరొకటి కావాలి; ఉర్దూ, తెలుగు ఒకే పుటలో పక్కపక్కన వచ్చినప్పుడు ఒకటి లావుగా ఇంకొకటి సన్నగా వెలవెలబోకుండా జతకుదిరిన అక్షరాలు కావాలి. ఈ చివరి పనికి మన కళాశాల విద్యార్థులకంటె తగినవారు ఎవరు? ఇంట ఉర్దూ, బడిలో తెలుగు వ్రాసే పిల్లవాని చేతిలో రెండు దిక్కులకూ నడిచే కలం ఉన్నది. నస్తాలీఖ్ నేర్పే ఉస్తాదు మొదటి రోజే కలం మొనతో నుక్తా పెట్టించి, అలిఫ్ ఎన్ని నుక్తాల ఎత్తో కొలిపిస్తాడు. తెలుగు బడిలో మనకు అట్టి కొలత నేర్పలేదు. ఆ నుక్తా కొలతను తెలుగు ‘వ’ మీద ప్రయోగించి చూడవలసినది ఈ పిల్లవాడే.

కావలసిన సామగ్రి కూడా ఎక్కువ కాదు. గళ్ళ కాగితం, మొన వెడల్పైన కలం, కళాశాల కంప్యూటరు గదిలో ఒక యంత్రం. ఫాంట్‌ఫోర్జ్ అనే ఉచిత ఉపకరణం ఉన్నది; కాగితం మీది అక్షరాన్ని అందులోకి ఎక్కించి, వంపు వంపుకూ బిందువులు పెట్టి గీత దిద్దుకోవచ్చును. కళాశాల సంఘంవారు ఏటా జరిపే వ్యాసరచన, వక్తృత్వ పోటీల సరసన అక్షరలేఖన పోటీ ఒకటి, తెలుగుకూ ఉర్దూకూ కలిపి, ఏర్పాటు చేయాలని నా విన్నపం. బహుమతి పెద్దది కానక్కరలేదు.

పని ప్రారంభించేవారు వర్ణమాల వరుసలో ‘అ’తో మొదలుపెట్టరాదు, అది కష్టమైన అక్షరం. మొదట ‘వ’ వ్రాయండి. అది కుదిరితే దాని గుండ్రదనం నుండి ‘ప’ వస్తుంది, ‘ష’ వస్తుంది, ‘మ’ వస్తుంది. ఆ తరువాత ‘వు’ వ్రాసి ‘మ’ పక్కన పెట్టి, ఆరడుగుల దూరాన గోడకు అంటించి చూడండి. రెండూ వేర్వేరుగా కనబడితే ‘ద’కు పోవచ్చును.